గుంటూరులో క్రిస్మస్ రాత్రి, తెరవని షట్టరు

ముందే చెప్తున్నా, క్రిస్మస్‌కి గుంటూరు వెళ్తే ఫోన్లో చెప్పిన రేటు నమ్మి లాడ్జికి వెళ్ళకండి. 2023 డిసెంబరు 24, ఆదివారం. నేనూ అమ్మా విజయవాడ నుంచి బస్సులో వెళ్ళి దిగేసరికి, 1,200 అన్న గది కౌంటర్ దగ్గర 1,900 అయి కూర్చుంది. "సీజన్ సార్" అన్నాడు. ఏం సీజనయ్యా, ఇదేమైనా ఊటీనా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, సంచులతో ఇంకోచోటికి తిప్పలేక కట్టేశాను. వేడినీళ్ళ బకెట్‌కి 40 విడిగా. దుప్పటి గురించి రాయను.

సాయంత్రం నడక మొదలుపెట్టింది కొత్తపేటలో, కుగ్లర్ ఆస్పత్రి దగ్గర. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చి, 1898లో ఆడవాళ్ళ కోసం పెట్టిన ఆస్పత్రి ఇది. "నిన్ను కన్నది ఇక్కడేరా" అని అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత మోకాళ్ళు లాడ్జిలో వదిలేసి వచ్చినట్టు నడిచింది, నేనే వెనకపడ్డాను. 1842లో మిషనరీ హయ్యర్ దొర అడుగుపెట్టినప్పటి నుంచీ లూథరన్ మిషన్‌కి ఈ ఊరే కేంద్రం, అందుకే ఇక్కడ క్రిస్మస్ చర్చిల్లో కన్నా వీధుల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ చూసుకుని, శంకర్ విలాస్ వంతెన దాటి బ్రాడీపేటలో పడ్డాం. లైన్లు, అడ్డరోడ్లు అన్నీ నంబర్లే కాబట్టి దారి తప్పే పని లేదు. డాబాల మీద కాగితం నక్షత్రాలు, ఒక వరండాలో నిజం గడ్డితో కట్టిన పశువుల పాక. ఆ ఇంటావిడ ముక్కూమొహం తెలియని మాకు అరిసెలు పెట్టింది. బండి దగ్గర మిరపకాయ బజ్జీ ప్లేటు 30, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఇంకో ప్లేటు.

అర్ధరాత్రి ఆరాధన అయ్యాక చర్చి బయట అందరికీ టీ, కేకు ముక్క. కడుపు నిండా సంతోషంతో లాడ్జికొస్తే షట్టరు దించేసి ఉంది. పదకొండుకి మూస్తామని ఒక్క మాట చెప్పలేదు. ఫోన్ ఎత్తడు, కొడితే పలకడు. చలి. అమ్మ మెట్ల మీద కూలబడి "నా మాట విని ఆఖరి బస్సు ఎక్కి ఉంటేనా" అని అందుకుంది. ఒంటిగంటన్నర అయింది.

అప్పుడొచ్చింది వీధుల్లో క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ కుర్రాళ్ళ ట్రాలీ ఆటో, పైన పెద్ద నక్షత్రం, వెనక డ్రమ్ములు. "ఏంటి పిన్నిగారూ, ఇక్కడ కూర్చున్నారు?" అని ఆగారు. సంగతి విని ఒకడు నవ్వాడు, ఇద్దరు డ్రమ్ములు దించారు, షట్టరుకి ఎదురుగా నిలబడి ఎత్తుకున్నారు పాట! రెండో చరణానికి లోపల లైటు వెలిగింది.

షట్టరు తీసినందుకు వాచ్‌మన్ 100 అడిగాడు. అమ్మ పర్సులోంచి చర్చిలో ఇచ్చిన కేకు ముక్క తీసి అతని చేతిలో పెట్టి, చక్కగా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

పొద్దున బిల్లులో ఆ 100 ఉంది.