బుడమేరు వరదలో మా మెడికల్ షాపు సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొచ్చింది

విజయవాడ పటమటలో మాది మెడికల్ షాపు. స్టాకిస్టుల (మా షాపులకు మందులు సరఫరా చేసే హోల్‌సేల్ వాళ్ల) దగ్గరున్న సరుకు కనబడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోవచ్చా అని తోటి షాపుల వాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఒకసారి వివరంగా రాస్తున్నా. పొగడ్తతో పాటు చీవాట్లూ ఉన్నాయి, అందుకే కంపెనీ పేరు రాయడం లేదు.

మామూలు రోజుల్లో దీని గొప్పతనం పెద్దగా తెలియదు. బిల్లు కొడుతుంది, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ బ్యాచ్‌లు చూపిస్తుంది, షార్ట్ బుక్ (అయిపోయిన మందుల జాబితా) తనే రాసుకుంటుంది. అసలు పరీక్ష 2024 సెప్టెంబరు 1న వచ్చింది. ఆ ఆదివారం బుడమేరు సింగ్‌నగర్, పాయకాపురాల్ని ముంచేసింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు హైవే ఎక్కడంతో హైదరాబాద్ రోడ్డు ఆగింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లూ ఆగాయి. స్టాకిస్టులకు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు, వాళ్ల కుర్రాళ్ల ఇళ్లలోనే మోకాలి లోతు నీళ్లు.

అప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ ఫోన్ యాప్ విలువ తెలిసింది. మందు పేరు కొడితే ఏ స్టాకిస్టు దగ్గర ఎంత ఉందో ఫోన్‌లోనే కనబడింది. బీపీ, షుగరు, ఫిట్స్ మందులు ఒక్కరోజు కూడా ఆపకూడనివి. వాటిలో కొన్ని గుంటూరులో ఉన్నాయని చూసి అక్కడి నుంచి తెప్పించాం. యాప్ లేకపోతే అక్కడ అడగాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

కానీ ఒక స్టాకిస్టు గోడౌన్ మొత్తం నీళ్లలో ఉంటే, ఆయన సరుకు పక్కన మాత్రం సరుకు ఉందని చెప్పే పచ్చ చుక్క నిక్షేపంగా వెలుగుతూనే ఉంది! స్టాకిస్టు చివరిసారి అప్‌లోడ్ చేసిన లెక్కనే ఈ యాప్ చూపిస్తుంది. ఆ లెక్క ఎన్ని గంటల కిందటిదో ఎక్కడా ఉండదు. ఆ టైమొక్కటి సరుకు పక్కన చూపిస్తే సగం టెన్షన్ తగ్గేది. కస్టమర్ కేర్‌కు చెప్తే "నోట్ చేసుకున్నాం సార్" అన్నారు. ఇప్పటికీ నోట్ చేసుకుంటూనే ఉన్నారు.

ఇంకో లోపం ఇంతకన్నా ప్రమాదం. బ్రాండ్ లేకపోతే అదే కాంపోజిషన్‌తో (లోపలి మందు అదే ఉన్న) వేరే కంపెనీలవి చూపించే ఆప్షన్ ఉంది. పారాసెటమాల్‌కు అది బ్రహ్మాండం. పాయకాపురం నుంచి ఒక పెద్దాయన తడిసిన సంచిలో ఖాళీ ఇన్సులిన్ వయల్ (సిరంజితో తీసుకునే చిన్న సీసా) పట్టుకొచ్చారు, 30/70 రకం. వెతికితే వయళ్లు, పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లు అన్నీ ఒకే వరుసలో వచ్చాయి. మన దగ్గర వయల్‌లో మామూలుగా ఒక ఎంఎల్‌కు 40 యూనిట్లు, కార్ట్రిడ్జ్‌లో 100. ఆ తేడా ఒక మూల సన్నటి అక్షరాల్లో ఉంది. కౌంటర్‌లో కొత్త కుర్రాడుండి ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చేస్తే డోసే మారిపోయేది! డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆయన సరేనన్నాక అదే 40 యూనిట్ల వయల్ వేరే కంపెనీది ఇచ్చాను.

ఆటో ఆర్డర్ సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తికాదు. గత నెల అమ్మకాలు చూసి వచ్చే నెలకు ఎంత కావాలో అదే లెక్కేస్తుంది. వరద తీశాక ఓఆర్‌ఎస్, డాక్సీసైక్లిన్, నీళ్లలో నాని పుండ్లు పడ్డ కాళ్లకు రాసే ఆయింట్‌మెంట్లు విపరీతంగా పోయాయి. పాపం, అది సాఫ్ట్‌వేర్, జనం కాళ్లు ఆరిపోయిన సంగతి దానికేం తెలుసు? దసరా వచ్చినా అదే లెక్కన ఆర్డర్లు తయారుచేస్తుంటే ఆటో ఆర్డర్ ఆపేసి చేత్తో పెట్టుకున్నాను. అన్ని షాపుల సాఫ్ట్‌వేర్లూ ఇలాగే లెక్కేస్తే స్టాకిస్టుకు లేని గిరాకీ కనబడుతుంది, ఆయన మందుల కంపెనీ డిపోకు ఇంకా పెద్ద ఆర్డర్ పెడతాడు, చివరికి ఆ పెట్టెలన్నీ అమ్ముడుపోక, గడువు దాటి వెనక్కి పంపే ఎక్స్‌పైరీ రిటర్నులవుతాయి.

దీని బ్యాకప్‌కు మాత్రం వంక పెట్టలేను. సింగ్‌నగర్‌లో మా స్నేహితుడి షాపులో కింది అరలతో పాటు కంప్యూటర్ కూడా మునిగింది. ఆయన వాడేదీ ఇదే. ఇన్సూరెన్స్ వాళ్లు స్టాకు వివరాలు అడిగితే ఇంకో ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయ్యి బ్యాచ్ నంబర్లు, కొన్న ధరలతో సహా శనివారం రాత్రి వరకు ఉన్న లిస్టు తీసిచ్చాడు. పక్క షాపాయన దగ్గర బురద పట్టిన బిల్లుల కట్టలే మిగిలాయి.

2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు అప్‌డేట్ ముందురోజే వచ్చింది. పొద్దున బిల్లు కొట్టడంలో ఇబ్బంది రాలేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. చిన్న షాపయినా తీసుకోవచ్చు. కాకపోతే కొనేముందు డెమో ఇచ్చే అబ్బాయిని రెండు అడగండి: ఈ స్టాకు ఎన్ని గంటల కిందటిది, మీ ఊళ్లో మీరు సరుకు తీసుకునే స్టాకిస్టుల్లో ఎంతమంది ఇందులో ఉన్నారు. రెండోదానికి నీళ్లు నమిలితే ఏడాది చందా కట్టకండి, బిల్లింగ్ ఒక్కటే అయితే ఇంతకన్నా చవకలో దొరుకుతుంది.