దోమకాటు దద్దులకు కాలమైన్ లోషన్: ఏడాది వాడాక చెప్తున్నా

మా పాపకి ఆరేళ్లు. దోమ కుడితే చాలామందికి చిన్న దద్దు లేచి కాసేపటికి పోతుంది కదా, మా పిల్లకి అలా కాదు. రూపాయి బిళ్లంత ఎర్రగా పొంగి, మధ్యలో నీటి బుడగ లేచి, మూడు నాలుగు రోజులు నిద్ర ఉండదు, దానికీ ఉండదు, నాకూ ఉండదు.

పోయిన దసరా సెలవులకి ఉద్దానంలో మా అత్తగారి ఊరు వెళ్లాం. చుట్టూ జీడి తోటలు, కొబ్బరి చెట్లు, అప్పుడే వానలు వెలిశాయి, పొద్దు వాలేసరికి దోమలే దోమలు. రెండో రోజు పొద్దున్న చూస్తే మోకాళ్ల కింద పదిహేను కాట్లు. "ఏటమ్మా, పిల్ల కాళ్లు ఇలాగ పొంగిపోనాయి" అని మా అత్తయ్య కంగారు పడి వేపాకూ పసుపూ నూరి పూశారు. దాంతో చెడేమీ జరగలేదు గానీ దురద మాత్రం తగ్గలేదు, పిల్ల గోకుతూనే ఉంది.

అప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే మన దగ్గర చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. మందుల షాపుకి వెళ్లి దురదకి ఏదైనా ఇమ్మన్నాను. డాక్టరు చీటీ అడగలేదు, పిల్ల వయసు అడగలేదు, ఒక ట్యూబు చేతిలో పెట్టి రెండు రోజుల్లో మాయం అవుతుందన్నారు. నిజంగానే మాయమైంది! అందుకే నమ్మేశాను. శ్రీకాకుళం తిరిగొచ్చాక కూడా ఎక్కడ ఏది కుట్టినా అదే రాసేదాన్ని, దాదాపు నెలన్నర. తర్వాత చూస్తే రాసిన చోటల్లా చర్మం పల్చబడి మెరుస్తోంది, చుట్టూ తెల్లగా మచ్చలు. చర్మ డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన ట్యూబు తిప్పి వెనక రాసింది చూపించారు: క్లోబెటసాల్ అనే చాలా ఘాటు స్టెరాయిడ్, దానికి తోడు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు. దోమకాటులో ఫంగసూ లేదు, చీమూ లేదు, మరి ఆ రెండూ ఎందుకు? 2018లోనే కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. స్టెరాయిడ్ అంటేనే భయపడాలని కాదు, వాపు బాగా ఎక్కువైతే తక్కువ ఘాటుది కొన్ని రోజులకి డాక్టర్లే రాస్తారు, కానీ ఎంత ఘాటుది, ఎన్ని రోజులు అన్నది వాళ్లు చెప్పాలి.

ఆయన రాసిచ్చింది మామూలు కాలమైన్ లోషన్. గులాబీ రంగు సీసా, 100 మిల్లీలీటర్లు, నాకు 120 రూపాయల లోపే పడింది. ఇందులో ఉండేది ప్రధానంగా జింక్ ఆక్సైడ్, ఆ రంగు కొద్దిగా కలిపిన ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది. రాయగానే నీరు ఆవిరవుతూ చల్లగా తగులుతుంది, పల్చటి పొడి పొర మిగులుతుంది, ఆ చల్లదనానికే పిల్ల చెయ్యి అటు పోకుండా ఆగుతుంది. మొదటిసారి రాసినప్పుడు పది నిమిషాల్లో గోకడం ఆపింది. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఇది వాపుని తగ్గించదు. దోమ లాలాజలం మన ఒంటికి పడక, ఒంట్లోనే హిస్టమిన్ అనే రసాయనం విడుదలై ఆ దద్దు వస్తుంది, లోషన్ దాని జోలికి పోదు. దురదని కాసేపు ఓర్చుకునేలా చేస్తుంది, అంతే. రెండు మూడు గంటలకి మళ్లీ మొదలవుతుంది.

అందుకే ఒక్క లోషన్ మీదే ఆధారపడం. కుట్టిన వెంటనే సబ్బుతో కడిగి, ఐసు ముక్క గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెడతాను. వాపుకి బాగా పనిచేసింది నా అనుభవంలో ఇదే, ఖర్చు కూడా లేదు. ఆరాక లోషన్. మరీ ఎక్కువగా ఉన్న రాత్రి డాక్టరు గారు బరువు చూసి రాసిన సెట్రిజిన్ అనే ఎలర్జీ సిరప్. గోళ్లు ఎప్పుడూ పొట్టిగా కత్తిరిస్తాను, ఎందుకంటే చీము పట్టేది కాటు వల్ల కాదు, గోకిన గోళ్ల వల్ల.

ఇంకో మాట ఆయన చెప్పారు, విన్నాక సగం టెన్షన్ పోయింది. కొత్తగా ఒక చోట కుడితే వారం కిందటి పాత కాట్లు కూడా మళ్లీ ఎర్రబడి దురద పెట్టడం కొందరు చిన్నపిల్లల్లో మామూలేనట, పెద్దయ్యే కొద్దీ ఒళ్లు అలవాటు పడి తగ్గుతుందట. ఇంట్లో అందరూ రక్తం చెడిందని తేల్చేశారు అప్పటికి.

లోషన్ పనిచేయని చోట్లూ ఉన్నాయి. గోకి పుండైన చోట, కంటి దగ్గర, పెదాల మీద రాయకండి. వానాకాలం రాత్రి ట్యూబ్‌లైటు చుట్టూ చేరే సన్నటి పురుగు ఒకటుంది, పెద్ద చీమలా, నారింజ నలుపు పట్టీలతో, అది కుట్టదు, మెడ మీద వాలినప్పుడు చేత్తో నలిపితే దానిలోని విషం అంటుకుని మర్నాడో ఆ మర్నాడో కాలినట్టు చార తేలుతుంది. మా మరిదికి అలాగే అయింది, కాలమైన్ ఏమాత్రం పనిచేయలేదు. ఆ పురుగుని నలపకుండా ఊది దులిపేసి, ఆ చోటు సబ్బు నీళ్లతో కడగాలి.

కుట్టిన మొదటి రెండు రోజుల్లో ఎంత పొంగినా దురదే ఎక్కువగా ఉంటే అది చాలావరకు ఎలర్జీ. రెండు రోజులు దాటాక నొప్పి పెరుగుతూ, వేడిగా, ఎరుపు పాకుతూ, చీమో జ్వరమో వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జ్వరంతో పాటు ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టు కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కావచ్చు, దోమ కాదు, పొదల్లో ఉండే చిన్న పురుగు వల్ల వస్తుంది, ఆలస్యం చేయకూడదు. కందిరీగో తేనెటీగో కుట్టాక పెదాలు, నాలుక వాచినా, ఆయాసం వచ్చినా లోషన్ వెతుక్కుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

కొనేటప్పుడు ఒకటి గమనించండి. పేరులో కాలమైన్ ఉండి, మొహం జిడ్డుకని అమ్మే సీసాలు వేరే ఉన్నాయి, వాటిలో సువాసన కూడా కలుపుతారు, మా పాపకి అది మంట పెట్టింది. వెనక చదివి సాదాది తీసుకోండి. అడుక్కి దిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ బాగా కుదపాలి, కుదపకపోతే పైనున్న నీళ్లే వస్తాయి. ఆరాక పొడి రాలి స్కూలు యూనిఫాం నీలం గౌను మీద తెల్లగా పడుతుంది, ఉతికితే పోతుంది. సీసా మాకు రెండు నెలలు వచ్చింది.