తెలుగులో మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు: బెంగళూరులో డబ్బు కట్టబోతున్నవారికి హెచ్చరిక

మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాని మీద దృష్టి నిలిపే ధ్యానం) కోర్సు ప్రకటన కొంతకాలంగా తిరుగుతోంది. ఎనిమిది వారాల ఎం.బి.ఎస్.ఆర్., అంటే మైండ్‌ఫుల్‌నెస్‌తో ఒత్తిడి తగ్గించుకునే కార్యక్రమం, శిక్షణ అనీ, అంతా తెలుగులోనే సాగుతుందనీ, అంతర్జాతీయ సర్టిఫికెట్ పొందిన శిక్షకుడు నేర్పుతాడనీ అందులో ఉంటుంది. రుసుము 18,000 రూపాయలు. నేనూ మా వదినా ఆ డబ్బు కట్టి చేరాము. అక్కడ జరిగినది కళ్ళారా చూశాను కనుక, వివరాలు కనుక్కోకుండా ఎవరూ డబ్బు కట్టవద్దని కోరుతున్నాను. మనుమలను చూసుకోవడానికి అనంతపురం నుంచో, నెల్లూరు నుంచో వచ్చి, కన్నడం, ఇంగ్లీషు రాక, తెలుగులో చెబుతారనగానే సంతోషంగా చేరిపోయే పెద్దవారి గురించే నా ఆందోళన ఎక్కువ.

ఎం.బి.ఎస్.ఆర్. అన్నది ఎవరికి తోచినట్టు వారు వాడుకోదగిన పేరు కాదు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్ జిన్ రూపొందించిన ఈ కార్యక్రమానికి ఒక స్వరూపం ఉంది. వారానికి ఒకసారి సుమారు రెండున్నర గంటల తరగతి, మధ్యలో ఒక రోజంతా మౌనంగా సాధన, ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట అభ్యాసం అందులో ఉంటాయి. మాకు దొరికినది వారానికి గంట సేపు తరగతి, ఫోనుకు పంపిన పది నిమిషాల ఆడియో మాత్రమే. మౌన దినం ఊసే రాలేదు. ఇంతవరకైతే డబ్బు దండగ అనుకుని ఊరుకునేదాన్ని.

మా వదినకు తల్లి పోయి ఎన్నో నెలలు కాలేదు. చేరేటప్పుడు నింపిన ఫారంలో పేరు, వయసు, చెల్లింపు వివరాలు తప్ప ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్నా లేదు, ఎవరూ ముందుగా మాట్లాడనూ లేదు. క్లబ్‌హౌస్ హాలులో చాపల మీద పడుకోబెట్టి, కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి ఒక్కో అవయవం మీద దృష్టి నిలపమనే బాడీ స్కాన్ చేయిస్తున్నప్పుడు, శిక్షకుడు తన ఫోనులో చూసి చదువుతూ ఛాతీ దగ్గరికి వచ్చేసరికి వదినకు ఊపిరి ఆడడం కష్టమైంది. రెండు చేతులతో చాప అంచులు పట్టుకుని ఉంది, మెడంతా చెమటతో తడిసిపోయింది. నేను లేచి పిలిస్తే ఆయన చదవడం ఆపి, "లోపల ఉన్నదంతా బయటికి పోతోందమ్మా, లేవకండి, శ్వాసనే చూస్తూ ఉండండి" అన్నాడు. అలాంటి సమయంలో కళ్ళు తెరిపించి, లేపి కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించమని చెప్పి, ఒకరు పక్కన కూర్చోవాలి. శ్వాసను గమనించడమే భయాన్ని పెంచుతున్నవారిని ఇంకా శ్వాసనే చూడమనడం ఆ మనిషికి చేసే అపకారం. ఆ రాత్రి వదిన నిద్రపోలేదు, ఆ తరువాత చాలా రోజులు ఒంటరిగా గదిలో ఉండడానికే భయపడింది. ఆమెను చూసిన మానసిక వైద్యురాలు ప్రస్తుతానికి కళ్ళు మూసుకుని చేసే సాధన పూర్తిగా ఆపించారు.

ఇది ఎక్కడా జరగని వింత కాదు. బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన జారెడ్ లిండాల్, విల్లోబీ బ్రిటన్, వారి సహచరులు సాధకులనూ గురువులనూ ఇంటర్వ్యూ చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో భయం, ఆందోళన, పాత గాయాలు మళ్ళీ కళ్ళ ముందుకు రావడం వంటి అనుభవాలన్నీ నమోదయ్యాయి. ధ్యానం చెడ్డదని నేను అనడం లేదు, నాకు దానిమీద గౌరవం ఉంది. నేర్పే మనిషికి ఈ సంగతి తెలిసి ఉండాలి, తెలియకపోతే నేర్పకూడదు.

మా శిక్షకుడు ఎక్కడ నేర్చుకున్నాడని ఆయననే నేరుగా అడిగాను. చాలాసేపు దాటవేశాక, ఇంటర్నెట్‌లో రికార్డు చేసి పెట్టిన వీడియోలు రెండు వారాంతాల్లో చూసి ఆ సర్టిఫికెట్ తెచ్చుకున్నానని చెప్పాడు. ఎవరి దగ్గరా కూర్చుని సాధన చేయలేదు, తాను నేర్పే తీరును పరిశీలించే గురువంటూ ఎవరూ లేరు.

దీన్ని పట్టుకుని మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ లేనివారెవరూ ధ్యానం నేర్పకూడదని తేల్చేయడం న్యాయం కాదు. కబాట్ జిన్ చదివినది మాలిక్యులర్ బయాలజీ. కానీ ఎం.బి.ఎస్.ఆర్. రూపొందించకముందే ఆయన జెన్ బౌద్ధ గురువుల దగ్గర సాధన చేశాడు, ఆసుపత్రిలో వైద్యులు పంపిన రోగులకు వైద్యుల అందుబాటులోనే నేర్పాడు. విపశ్యన అనే బౌద్ధ ధ్యాన పద్ధతిని మన దేశానికి తిరిగి తెచ్చిన సత్యనారాయణ గోయెంకా బర్మాలో వ్యాపారి, ఆయన గురువు సయాజీ ఊ బా ఖిన్ ఆ దేశపు అకౌంటెంట్ జనరల్. గోయెంకా ఆ గురువు దగ్గర పద్నాలుగేళ్ళు సాధన చేశాకే 1969లో ఇక్కడ నేర్పడం మొదలుపెట్టారు. అలా వచ్చినవారి దగ్గర కూర్చోవడానికి నేను వెనకాడను. డిప్రెషన్ మళ్ళీ మళ్ళీ వచ్చేవారి కోసం సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే మనస్తత్వవేత్తలు రూపొందించిన ఎం.బి.సి.టి. (మైండ్‌ఫుల్‌నెస్‌ను కలిపిన మానసిక చికిత్స) వంటిది నేర్పాలంటే మాత్రం సాధన ఒక్కటే చాలదు, మానసిక వైద్య రంగంలో శిక్షణ కూడా ఉండాలి.

మన దేశంలో ధ్యానం నేర్పడానికి చట్టప్రకారం లైసెన్సు ఏదీ అక్కరలేదు కాబట్టి విచారించుకోవలసిన భారం మన మీదే పడుతోంది. శిక్షకుడు ఎవరి దగ్గర, ఎంత కాలం నేర్చుకున్నాడో, సొంత సాధన ఎన్నేళ్ళదో, తరగతిలో ఎవరికైనా బాగా లేకపోతే ఏం చేస్తాడో, ఏ డాక్టరు దగ్గరికి పంపుతాడో డబ్బు కట్టకముందే అడగండి. చేర్చుకునే ముందు మీ ఆరోగ్యం గురించి అడగనివారి దగ్గర అసలు చేరకండి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ., రిజిస్టరులో పేరు ఉందేమో వెతకండి. తుమకూరు రోడ్డు వైపు ఆలూరులో ఉన్న విపశ్యన కేంద్రం పది రోజుల శిబిరానికి రుసుమే తీసుకోదు, అయినా దరఖాస్తులో శారీరక, మానసిక ఆరోగ్యం గురించి అడుగుతుంది. 18,000 తీసుకున్నవారికి ఆ మాత్రం అడగడానికి తీరిక లేకపోయింది. ఇప్పటికే ఇలాంటి తరగతిలో ఇబ్బంది పడుతున్నవారు హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్ళవచ్చు, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

డబ్బు వాపసు అడిగితే, ఒకసారి కట్టిన రుసుము తిరిగి ఇవ్వడం తమ నియమాల్లో లేదని జవాబు వచ్చింది. ఆ నియమం మాకు ఇచ్చిన రసీదులో గానీ ప్రకటనలో గానీ లేదు కనుక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించాను. అదే శిక్షకుడు ఇప్పుడు నిద్రలేమికి ధ్యానం అన్న కొత్త పేరుతో మరో బ్యాచ్ మొదలుపెడుతున్నాడు, ప్రకటనలో ఫొటో మాత్రం పాతదే. అందులో డబ్బు కట్టినవారు తరగతులు మొదలయ్యేలోపే వాపసు కోరుతూ రాతపూర్వకంగా అడగండి. ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, వాట్సాప్ సంభాషణ చెరిపేయకుండా ఉంచుకోండి, ఫిర్యాదుకు జతచేయడానికి అవి అవసరమవుతాయి.