అరకు లాడ్జిలో గ్యాస్ హీటర్ పొగ గొట్టం మళ్ళీ వేయించాం, 5కి 4 ఇస్తా

అరకులో నేను మేనేజర్‌గా చూసుకునే లాడ్జిలో 14 రూములు. డిసెంబర్, జనవరిలో పొద్దున్నే వేడినీళ్ళు రాకపోతే టూరిస్టులు కౌంటర్ దగ్గరే గొడవ పెట్టేస్తారు, రూముకో కరెంటు గీజర్ అంటే లోడ్ ఆగదు, కరెంటు పోతే ఇక అంతే సంగతులు, అందుకని రెండేళ్ళ కింద వెనక స్టోర్‌రూంలో పెద్ద గ్యాస్ హీటర్ పెట్టించాం. ట్యాంకు టైపు, 300 లీటర్లు, అడుగున బర్నర్, పొగ నడిమధ్య గొట్టంలోంచి పైకి వస్తుంది. హీటర్ మంచిదే, బిగించినోడే తేడా, అతనెవరో వద్దులెండి. ఈ రివ్యూ మొన్న నవంబర్లో వైజాగ్ నుంచి వచ్చి ఆ ఫిట్టింగంతా విప్పి మళ్ళీ వేసిన వాళ్ళ గురించి. వాళ్ళ పేరు కూడా రాయట్లేదు, ప్రమోషన్ అంటారు, ఏం చేసారో చదివితే మీ ఊళ్ళో ఫిట్టర్‌ని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

అసలు వాళ్ళని ఎందుకు పిలిచామంటే మా వాచ్‌మేన్ కుర్రాడి వల్ల. చలికి తట్టుకోలేక చెప్పాపెట్టకుండా ఆ హీటర్ రూంలో తలుపేసుకుని పడుకునేవాడు. ఓ రోజు పొద్దున్న లేచి తలపోటు, వాంతులు, కళ్ళు తిరుగుతున్నాయంటే రాత్రి తిన్న బొంగులో చికెన్ పడలేదేమో అనుకున్నాం. బయట ఎండలో కూర్చోబెడితే గంటలో తేరుకున్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ అదే. ఈసారి చికెన్ తినలేదు. అప్పుడు అడిగితే "అక్కడైతే ఎచ్చగా ఉంటాది బాబూ" అన్నాడు, నాకు గుండె ఆగినంత పనైంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, సిలిండర్ గ్యాస్ లీకైతే వాసనకైనా లేస్తాం, ఇది పీలిస్తే నిద్రలోనే పోతాం. ఆ రోజే హీటర్ కట్టేసి ఫోన్లు మొదలెట్టాను.

వచ్చిన పెద్దమిస్త్రీ హీటర్ ముట్టుకోలేదు ముందు. దాన్ని ఓ పావుగంట వెలిగించి, తలుపు కిటికీ మూసి, పక్కనున్న కిచెన్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయమన్నాడు. నా దగ్గర అగరబత్తి తీసుకుని హీటర్ నెత్తిన గొట్టం మొదలయ్యే చోట పట్టుకున్నాడు. పొగ లోపలికి లాక్కోవాలి కదా, తిరిగి మా మొహం మీదకే వచ్చింది. "ఏటి సార్ ఇది, కిచెన్ ఫ్యాను గెలుస్తోంది, గొట్టం ఓడిపోతోంది" అన్నాడు. ఫ్యాన్ గాలిని లాగేస్తుంటే గదిలోకి కొత్త గాలి వచ్చే దారి లేక, గొట్టంలోంచే వెనక్కి వస్తోందట. మంట కూడా చూపించాడు, నీలంగా ఉండాల్సింది పసుపుగా ఊగుతోంది, అంటే గాలి చాలట్లేదు.

గొట్టం సంగతి ఇంకా ఘోరం. హీటర్ నోరు 5 అంగుళాలు అయితే పాతాయన 4 అంగుళాల పల్చటి మడతల అల్యూమినియం పైపు తొడిగి, రెండు ఎల్బోలు వేసి, గోడ వెంట అడ్డంగా పది అడుగులు లాగి నాలుగో నంబర్ రూం కిటికీ కింద వదిలేసాడు! చలికి ఆ పైపులో పొగ చల్లారి నీళ్ళయి కారేది, గోడంతా నల్లటి చారలు, నేను రెండుసార్లు సున్నం వేయించా కూడా, ఎందుకొస్తోందని ఒక్కసారీ ఆలోచించలేదు. పైగా ట్యాంకులో ప్రెషర్ పెరిగితే నీళ్ళు బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ చుక్కలు కారుతోందని దాని మూతికి ప్లగ్ బిగించేసాడు. అది చూసి మిస్త్రీ ఏమీ అనలేదు, ముందు గ్యాస్ కట్టేసి తర్వాత మాట్లాడాడు. నీళ్ళు వేడెక్కితే పొంగుతాయి, చన్నీళ్ళ లైన్లో నాన్ రిటర్న్ వాల్వ్ ఉంది కాబట్టి వెనక్కి పోలేవు, అందుకే ఆ చుక్కలు. పొంగిన నీళ్ళు పట్టడానికి ఓ చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టి, వాల్వ్ నుంచి నేల దాకా పైపు దింపాడు.

కొత్త గొట్టం 5 అంగుళాలే, రెండు పొరల స్టీలు, కాస్త దూరమే అడ్డంగా పోయి, అది కూడా అడుక్కి పావంగుళం చొప్పున పైకి ఎక్కుతూ, తర్వాత నిటారుగా స్లాబ్ దాటి 3 అడుగుల పైకి, మీద టోపీ. ప్రతి జాయింటుకీ మూడు స్క్రూలు. బయటి గోడకి రెండు కంతలు, ఒకటి సీలింగ్ దగ్గర, ఒకటి నేల దగ్గర. లెక్క ఏంటంటే నేరుగా బయటికి తెరిచే కంతకి ప్రతి 4 వేల బీటీయూకి (గంటకి హీటర్ ఇచ్చే వేడి కొలత అది) ఒక చదరపు అంగుళం ఉండాలట, మాది 80 వేలు కాబట్టి 20 చాలు, కానీ జాలీ సగం మింగేస్తుందని ఇంకా పెద్దవే కొట్టాడు. కిందిది లీకైన గ్యాస్ బయటికి పోడానికి కూడా పనికొస్తుంది, ఎల్పీజీ గాలికన్నా బరువు కదా, నేల మీదే పాకుతుంది. 19 కిలోల సిలిండర్లు రెండూ బయట జాలీ బోనులోకి, రబ్బరు ట్యూబు తీసేసి రాగి పైపు. చివర్న మళ్ళీ ఫ్యాన్ వేయించి అదే అగరబత్తి పెట్టాడు, ఈసారి పొగ సర్రున లోపలికి పోయింది.

అలారం కొనేవాళ్ళకి ఒక మాట, షాపులో అడిగితే గ్యాస్ లీక్ డిటెక్టర్ చేతిలో పెట్టేస్తారు, అది వేరు, కార్బన్ మోనాక్సైడ్‌ది వేరు. నాకూ మొదట అదే అంటగట్టారు. ఇప్పుడు సరైనవి రెండు ఉన్నాయి, నాలుగో రూంలో ఒకటి, రిసెప్షన్లో ఒకటి.

ఒక స్టార్ ఎందుకు కోసానంటే, చెప్పిన రోజుకి కాకుండా మూడు రోజులు లేటు, ఈలోగా కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచి బకెట్లు మోయించాం. స్లాబ్ కంత చుట్టూ తెల్ల సిమెంట్ రాసేసి పోయారు, మొదటి వానకే కారింది, మళ్ళీ పిలిస్తే వచ్చారు గానీ పది ఫోన్ల తర్వాత. బిల్లు 52 వేలు, ఓనర్ గారు ఇప్పటికీ గొణుగుతున్నారు.

కంతలు పెట్టాక ఆ గది చల్లబడిపోయిందని మా వాచ్‌మేన్ కుర్రాడికి మాత్రం ఆ మిస్త్రీ అంటే పడదు. రిసెప్షన్లో మంచం వేయించి రగ్గు కొనిచ్చాను, అయినా మొహం మాడ్చుకునే పడుకుంటున్నాడు.