ఫైబర్ ఉన్నా వై-ఫై నత్తనడకే: ప్లాన్ పెంచడమా, రౌటర్ మార్చడమా, కేబుల్ లాగడమా?

300 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ తీసుకున్న ఇంట్లో, లోపలి గదిలో కూర్చుని ఫోన్‌లో కొలిస్తే 35 కూడా దాటని పరిస్థితి చాలామందికి అనుభవమే. అలాంటప్పుడు మనసు ముందుగా ప్లాన్ పెంచడం మీదికి పోతుంది, ఆ తర్వాత ఎక్కువ యాంటెన్నాలున్న కొత్త రౌటర్ మీదికి, అదీ కాకపోతే గోడ సాకెట్‌లో పెట్టే, రౌటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే చిన్న రిపీటర్ మీదికి. ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వై-ఫైగా పనిచేయించే మెష్ పెట్టెలు, గదికో కేబుల్ అనే మార్గాలు సాధారణంగా చివరికి గుర్తొస్తాయి. నా అభిప్రాయంలో ఈ వరుస దాదాపు తలకిందులుగా ఉంది. అయితే ఏది మేలో తేల్చేముందు అసలు ఆటంకం ఎక్కడుందో తెలియాలి, అందుకు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది.

ఫైబర్ తీగ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టెకు, లేదా దానికి అనుసంధానమైన రౌటర్‌కు, ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో కలిపి వై-ఫై ఆపేసి వేగం కొలవాలి. తర్వాత అదే ల్యాప్‌టాప్‌తో రౌటర్ ఉన్న గదిలోనే రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి వై-ఫై మీద ఒకసారి, ఇబ్బంది ఉన్న గదిలో మరొకసారి కొలవాలి. కేబుల్ మీదే వేగం రాకపోతే లోపం ఫైబర్‌లోనో, ఓఎన్‌టీలోనో, రౌటర్ పోర్టులోనో, కేబుల్‌లోనో ఉన్నట్టు. కేబుల్ మీద పూర్తిగా వచ్చి పక్కనే నిలబడినా వై-ఫై మీద రాకపోతే రౌటర్‌నో, కొలిచే పరికరాన్నో, వై-ఫై సెట్టింగులనో అనుమానించాలి. రౌటర్ దగ్గర బాగుండి లోపలి గదిలో మాత్రమే పడిపోతే అది దూరానికి, గోడలకు సంబంధించిన సమస్య. కొలిచేటప్పుడు మెగాబిట్లకూ మెగాబైట్లకూ ఉన్న తేడా మరవకూడదు: ఎనిమిది మెగాబిట్లు కలిస్తే ఒక మెగాబైటు, 300 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 37.5 మెగాబైట్లే కాబట్టి, డౌన్‌లోడ్ తెరమీద 37 కనిపించి కంగారుపడితే అది లేని జబ్బుకు మందు వెతకడమే.

ఈ పరీక్షలో 94 దగ్గర ఆగిపోయే అంకె ఎదురైతే దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. మా ఇంట్లో 500 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండగా, ఎప్పుడు కొలిచినా 93 నుంచి 95 మధ్యే వచ్చేది. రెండు వారాల పాటు సర్వీసు ఇచ్చేవారితో వాదించాను. తప్పు వారిది కాదు. ఓఎన్‌టీకి, రౌటర్‌కు మధ్యనున్న జానెడు కేబుల్ చివర ప్లాస్టిక్ కొక్కెం విరిగి, ప్లగ్ సగం వదులై, ఎనిమిది తీగల్లో ఒకటి సరిగా తాకడం లేదు. గిగాబిట్ వేగానికి ఎనిమిది తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు. అందువల్ల రెండు పరికరాలూ ఏ హెచ్చరికా లేకుండా కింది మెట్టుకు దిగిపోయాయి, అందులో మనకు దక్కేది 94 చిల్లరే. కేబుల్ మార్చిన నిమిషంలో 480 వచ్చింది. పాత రౌటర్లలో కొన్నింటికి పోర్టే 100 ఎంబీపీఎస్‌ది ఉంటుంది. అప్పుడు కేబుల్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం అదే.

ప్లాన్ పెంచడం విషయానికి వస్తే, కేబుల్ మీద ఇప్పటికే పూర్తి వేగం వస్తూ వై-ఫై మీద 35 వస్తున్న ఇంట్లో 300ని 500 చేస్తే ఆ 35 ముప్పయ్యైదుగానే ఉంటుంది. ఇంట్లో చాలామంది ఒకేసారి భారీ ఫైళ్లు దించుకుంటూ, కేబుల్ మీద కొలిచినప్పుడు కూడా గరిష్ఠ వేగం నిండిపోతున్నప్పుడే ప్లాన్ పెంపుకు అర్థం ఉంది. మిగతా సందర్భాల్లో అది మందం గోడకు రంగు వేసి పలచబడుతుందని ఎదురుచూడడం లాంటిది.

ఇక ఖర్చు లేని మార్గాల్లో నిజంగా తూకం వేయదగ్గది వై-ఫై వాడే రేడియో తరంగాల శ్రేణులైన 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ల మధ్య ఎంపిక. 2.4 గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది, దూరం పోతుంది. కానీ అందులో చోటు ఇరుకు. ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లు అక్కడ మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ ఆ ఇరుకులోనే ఉంటాయి, మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, బ్లూటూత్ కూడా ఆ పరిసరాల్లోనే. పైగా 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, రెండు యాంటెన్నాల వై-ఫై 4 (వై-ఫై తరాల్లో పాతది, అంకె పెరిగేకొద్దీ కొత్త తరం) పరికరానికి కాగితం మీద దక్కే వేగమే 144 ఎంబీపీఎస్. చేతికి అందేది అందులో సగం, మహా అయితే కొంచెం ఎక్కువ. అదే 5లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, రెండు యాంటెన్నాల వై-ఫై 5 ఫోన్‌కు కాగితం మీద 867, వై-ఫై 6 ఫోన్‌కు 1201 ఉంటుంది. రౌటర్ ఉన్న గదిలో 500 అందుకోవడం వింతేమీ కాదు. రెండు కాంక్రీటు గోడలు దాటేసరికి మాత్రం 5 నీరసించిపోతుంది.

కాబట్టి రౌటర్ ఉన్న గదికి, పక్క గదికి 5 మేలు. దూరపు గదిలో వాట్సాప్ సందేశాలకు, స్మార్ట్ బల్బులకు 2.4 చాలు. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెడితే ఎంపిక ఫోన్ చేతిలోకి పోతుంది, అది కొన్నిసార్లు పక్కనే 5 ఉన్నా 2.4ను పట్టుకుని వేలాడుతుంది. సమస్య వెతుకుతున్నంత కాలం రెండింటికీ వేరు పేర్లు పెట్టి చూడడం మంచిది. 2.4లో ఛానెల్ 3 ఖాళీగా ఉందని అందులోకి మారడం తెలివైన పనిలా కనిపిస్తుంది గాని, అది 1నీ 6నీ రెండింటినీ తాకుతుంది. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులు వేసుకుంటాయి. సగం కలిసిన ఛానెళ్లలో ఉన్నవి ఒకదానికొకటి గోలగా మాత్రమే వినిపిస్తాయి. భద్రత సెట్టింగులో టీకేఐపీ అనే పాత రహస్య సంకేత పద్ధతి మిగిలి ఉంటే వేగం 54 ఎంబీపీఎస్ మెట్టు దాటదు, దాన్ని డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కు గాని, డబ్ల్యూపీఏ3కి గాని మార్చాలి.

రౌటర్‌ను కదపడమా, కొత్తది కొనడమా అన్న ప్రశ్నకు నా జవాబు: ముందు కదపండి. ఫైబర్ వచ్చే మూల తలుపు పక్కనో, టీవీ వెనుకో, ఇనుప బీరువా చాటునో ఉంటుంది, బిగించినవారు రౌటర్‌ను అక్కడే వదిలి వెళతారు. లోహం సిగ్నల్‌ను తిప్పికొడుతుంది, నీళ్లు నిండిన అక్వేరియం పీల్చేస్తుంది. ఇంటి నడిబొడ్డున, ఛాతీ ఎత్తున, నాలుగువైపులా ఖాళీ ఉన్న చోటికి మార్చితే వచ్చే తేడా కొన్ని ఇళ్లలో కొత్త రౌటర్ ఇచ్చే తేడా కంటే ఎక్కువ. ఓఎన్‌టీని ఫైబర్‌తో సహా లాగకూడదు. ఆ సన్నని తీగ పదునుగా వంగితే వెలుగు బయటికి కారి సిగ్నల్ బలహీనపడుతుంది, మరీ నలిగితే ఎర్ర లైటు వెలిగి లైను మొత్తం ఆగిపోతుంది. ఓఎన్‌టీని ఉన్నచోటే ఉంచి, దాని నుంచి పొడవాటి ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌ను మాత్రమే మధ్యకు తేవచ్చు.

కొత్త రౌటర్‌పై పెట్టుకునే ఆశల్లో ఒక పొరపాటు ఉంది. ప్రసార శక్తికి దాదాపు ప్రతి దేశంలోనూ చట్టం పరిమితి విధిస్తుంది కనుక, ఎనిమిది యాంటెన్నాలు ఉన్నంత మాత్రాన సిగ్నల్ ఎనిమిది రెట్లు దూరం పోదు. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, అంతకంటే బలహీనమైన ఫోన్ ఇచ్చే బదులు రౌటర్‌కు వినపడాలి కదా! వై-ఫై 4 కాలపు రౌటర్‌ను వై-ఫై 6కు మార్చడం నిస్సందేహంగా లాభమే. వై-ఫై 6ను తీసేసి వై-ఫై 7 కొనడం వల్ల మాత్రం, ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఆ తరంవి కానంత వరకు ఒరిగేది తక్కువ.

దూరపు గదికి చేరవేసే సాధనాల్లో రిపీటర్ అన్నిటికంటే చవక, అన్నిటికంటే మోసపూరితం కూడా. ఒకే బ్యాండ్ మీద పనిచేసే రిపీటర్ ప్రతి మాటనూ ఒకసారి విని, మళ్లీ అదే గాలిలో చెప్పాలి. అంటే వేగం దాదాపు సగానికి పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెట్టడం. అక్కడ దానికి అందేది 30 అయితే అది ఇవ్వగలిగేది అంతకంటే తక్కువే, ఫోన్‌లో గీతలు మాత్రం నిండుగా కనిపిస్తాయి. గీతలు చూపేది ఫోన్‌కు, రిపీటర్‌కు మధ్య ఉన్న బంధాన్నే గాని, రిపీటర్‌కు, రౌటర్‌కు మధ్య ఉన్నదాన్ని కాదు. రిపీటరే పెట్టాలంటే రెండు గదుల నడుమ, ఇంకా మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) చుట్టుపక్కల సిగ్నల్ ఉన్నచోట పెట్టాలి.

మెష్ ఇదే సూత్రాన్ని పద్ధతిగా చేస్తుంది. మూడు బ్యాండ్ల మెష్‌లో ఒక బ్యాండ్‌ను పెట్టెలు తమలో తాము మాట్లాడుకోవడానికి కేటాయించుకోగలవు కాబట్టి రిపీటర్‌లో ఉండే సగం కోత చాలావరకు తప్పుతుంది. ఒకే పేరు మీద ఇల్లంతా తిరగవచ్చు. అద్దె ఇంట్లో గోడలకు రంధ్రాలు వేయలేనివారికి, కేబుల్ లాగే దారి లేనివారికి రిపీటర్ కంటే మెష్ ఎన్నో రెట్లు మేలు. ఎక్కువ పెట్టెలు పెడితే ఎక్కువ వేగం వస్తుందనుకోవడం మాత్రం తప్పు. రెండు చాలిన ఇంట్లో నాలుగు పెడితే అవి ఒకదాని గాలిని ఒకటి తింటాయి.

గోడల్లో విద్యుత్ తీగల మీదుగా డేటా పంపే అడాప్టర్లు కూడా ఉన్నాయి. ఫలితం పూర్తిగా ఇంటి వైరింగ్ మీద ఆధారపడుతుంది, పెట్టె మీద ముద్రించిన అంకెకు దరిదాపుల్లోకి రాదు. తిరిగి ఇచ్చేసే వీలుంటేనే ప్రయత్నించాలి.

నేను చివరికి ఎంచుకున్నది, వీలున్న ప్రతివారికీ చెప్పేది కేబుల్. క్యాట్ 5ఈ రకం ల్యాన్ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని తరుగు లేకుండా మోస్తుంది, ఇంటి కొలతలకు అది చాలా ఎక్కువ. కొత్తగా వేస్తున్నప్పుడు క్యాట్ 6 వేసుకోవచ్చు గాని, రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్‌ను మాత్రం తీసుకోకూడదు. ఇలా లాగిన కేబుల్ అవతలి చివర, కేబుల్ మీద వచ్చిన నెట్‌ను వై-ఫైగా ప్రసారం చేసే యాక్సెస్ పాయింట్‌ను గాని, మూలన పడి ఉన్న పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చి గాని పెడితే, దూరపు గది కూడా రౌటర్ పక్కనున్న గదిలా మారుతుంది. మోడ్ మార్చకుండా మామూలుగా తగిలిస్తే రెండు రౌటర్లూ విడివిడిగా చిరునామాలు పంచి, ప్రింటర్ ఒక వైపు, ఫోన్ మరో వైపు చిక్కుకుంటాయి. మెష్ కొన్నవారు కూడా దాని పెట్టెలను కేబుల్‌తో కలిపితే అది మెష్ సౌకర్యాన్ని, కేబుల్ వేగాన్ని రెండింటినీ ఇస్తుంది.

కేబుల్ లాగే పని పెద్దదనిపిస్తే ముందుగా టీవీని, డెస్క్‌టాప్‌ను మాత్రమే కేబుల్ మీదికి మార్చి చూడవచ్చు. సాధారణంగా ఒక సమయంలో ఒక ఛానెల్‌లో ఒక్క పరికరమే మాట్లాడగలదు కాబట్టి, గంటల తరబడి వీడియో లాగే టీవీ గాలిలోంచి తప్పుకుంటే ఆ ఖాళీ ఫోన్లకు దక్కుతుంది. మా ఇంట్లో టీవీని కేబుల్ మీదికి మార్చిన సాయంత్రం, ఏ కొత్త పెట్టే కొనకుండా, అదే లోపలి గదిలో ఫోన్ 60 నుంచి 110కి చేరింది. మిగతా కేబుల్ పని రెండు నెలల తర్వాత తీరిక దొరికినప్పుడు చేశాం.