అనంతపురం ఎర్రదుమ్ములో 11 స్పీడ్ చైన్: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

షిమానో వారి సీఎన్-హెచ్‌జీ 701 అనే 11 స్పీడ్ చైన్‌ను (అంటే వెనుక 11 పళ్లచక్రాలున్న సైకిల్‌కు సరిపోయేది) నా రోడ్ బైక్‌కు కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒకటి అరిగిపోతే మళ్లీ అదే రకం తెచ్చి వేసుకుంటున్నాను. గేర్లు మారే తీరులో గానీ, ఎత్తు ఎక్కేటప్పుడు బలంగా తొక్కితే తట్టుకోవడంలో గానీ దీనికి వంక పెట్టనవసరం లేదు. అయితే అనంతపురం వంటి చోట చైన్ మన్నిక, అది ఏ కంపెనీదన్న దానికన్నా మనం దానికి ఏం పూస్తామన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుందని నా అనుభవం.

నేను తరచుగా తొక్కేది బుక్కరాయసముద్రం మీదుగా తాడిపత్రి వైపు వెళ్లే రోడ్డు. బండల లోడుతో లారీలు తిరిగే దారి అది. ఆషాఢం గాలులు మొదలయ్యాక చేలల్లోని ఎర్రమట్టి కూడా లేచి రోడ్డు మీదికి వస్తుంది. తడి ఆయిల్ (ఆరిపోకుండా జిగటగా ఉండే రకం) పూసిన చైన్ ఆ దుమ్మునంతా పట్టుకుంటుంది. ఆయిల్, మట్టి కలిసి నల్లని ముద్దగా మారి, సానరాయిలా పిన్నులను లోపలినుంచి అరగదీస్తుంది. చైన్ పొడవు పెరిగేది ఉక్కు సాగడం వల్ల కాదు, ప్రతి కీలులోనూ పిన్ను, దాన్ని పట్టుకున్న లోపలి పలక కొద్దికొద్దిగా అరగడం వల్ల. బండి నుంచి తీసేసిన పాత ఇంజిన్ ఆయిల్‌ను సైకిల్ చైన్‌కు పోసే అలవాటు మన దగ్గర చాలాచోట్ల ఉంది. అందులో లోహపు పొడి ముందే కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది.

ఈ కారణంగానే నేను ఆయిల్ మానేసి పారఫిన్ మైనానికి మారాను. కొత్త చైన్‌తో వచ్చే గ్రీజు నాణ్యమైనదే అయినా, అది ఉన్నంతవరకు మైనం లోపలికి దిగదు; కాబట్టి దాన్ని ద్రావకంతో రెండు మూడు సార్లు పూర్తిగా కడిగి, ఆరబెట్టాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించి, చైన్‌ను అందులో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా కదిలిస్తూ ఉండాలి. తీసి ఆరనిచ్చాక చైన్ కర్రలా బిగుసుకుంటుంది. ఒక్కో కీలును వేళ్లతో వంచుతుంటే తెల్లని పొట్టు రాలుతుంది. ఆ తర్వాత ఎన్ని రోజులు తొక్కినా ముట్టుకుంటే వేలికి నలుపు అంటదు. సుమారు 300 కిలోమీటర్లకు పొడి శబ్దం మొదలవుతుంది, అప్పుడు మళ్లీ ముంచాలి. మైనానికి ఉన్న లోపం వానే. తడిసిన చైన్‌ను ఇంటికి రాగానే తుడవకపోతే తెల్లారేసరికి తుప్పు కనిపిస్తుంది. అనంతపురంలో వాన తక్కువ కాబట్టి ఇది నాకు పెద్ద ఇబ్బంది కాలేదు.

అరుగుదల కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, అంగుళాల గీతలున్న స్టీలు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, 24 పిన్నుల అవతల ఉన్న పిన్ను కొత్త చైన్‌లో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అది ఆ గీతను అంగుళంలో పదహారో వంతు దాటిందంటే అరుగుదల అర శాతానికి చేరినట్టే. 11 స్పీడ్‌కు అదే మార్చవలసిన హద్దు. ఇంకొన్నాళ్లు లాగుదామనుకుంటే క్యాసెట్ (వెనుక చక్రానికి ఉండే పళ్లచక్రాల గుత్తి) పళ్లు కూడా ఆ చైన్‌కు తగ్గట్టు అరుగుతాయి, పైగా క్యాసెట్ ధర చైన్ ధర కన్నా ఎక్కువే.

మార్చేటప్పుడు పాత చైన్‌ను, కొత్తదాన్ని పక్కపక్కన పరిచి పొడవును బట్టి కత్తిరించకూడదు, పాతది అరిగి పొడుగై ఉంటుంది కదా. లింకులను లెక్కపెట్టి సరిపోల్చాలి. రాతలున్న వైపు బయటికి కనిపించాలి. కలపడానికి క్విక్ లింక్ (చైన్ రెండు కొసలను కలిపే ప్రత్యేక లింకు) వాడితే దాన్ని చైన్ పైవరసలోకి తెచ్చి, వెనుక బ్రేకు పట్టుకుని పెడల్‌ను గట్టిగా నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. ఒకసారి విప్పిన షిమానో క్విక్ లింక్‌ను మళ్లీ వాడవద్దని తయారీదారే చెబుతున్నందున, మైనం కోసం తరచూ చైన్ విప్పేవారు తిరిగి వాడదగినదని స్పష్టంగా రాసి ఉన్న లింక్‌నే కొనాలి. బిగించాక చిన్న పళ్లచక్రాల మీద బలంగా తొక్కి చూడండి. చైన్ ఎగిరిపడితే ఆ చక్రాలు అరిగిపోయాయని అర్థం, అప్పుడు క్యాసెట్ కూడా మార్చక తప్పదు.