మిలిటరీ నర్సింగా, స్టేట్ నర్సింగ్ ఆఫీసరా: మన సర్వీసుకి ఎక్కడ లెక్క ఉంది?

ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నాలుగైదేళ్లు చేసిన నర్సు సైన్యంలో చేరితే నేరుగా కెప్టెన్ ర్యాంకు ఇస్తారా? ఇవ్వరు. బీఎస్సీ నర్సింగ్ నిన్న గాక మొన్న పాసైన అమ్మాయికీ, ఏళ్ల తరబడి వెంటిలేటర్ల మధ్య తిరిగిన సిస్టర్‌కీ మిలిటరీ నర్సింగ్ సర్వీసులో మొదటి ర్యాంకు లెఫ్టినెంటే. భుజం మీద అవే రెండు నక్షత్రాలు. ఈ మాట చెప్పగానే సోమాజిగూడ, పంజాగుట్ట హాస్టళ్లలో ఉండే మన అమ్మాయిల మొహాలు చిన్నబోతాయి. అయితే మిగతా ఉద్యోగాలు ఆ అనుభవాన్ని ఏపాటి లెక్క వేస్తున్నాయో కూడా చూడాలి కదా.

కెప్టెన్ ఇస్తారన్న మాట బహుశా అమెరికాలో ఉన్న చుట్టాల నుంచి వచ్చి ఉంటుంది. అక్కడి సైన్యంలో బయట చేసిన నర్సింగ్ సర్వీసుని నిజంగానే లెక్కలోకి తీసుకుంటారు. స్థూలంగా ఏడాది పనికి ఆరు నెలల క్రెడిట్, దానికీ ఒక పరిమితి. ఆ క్రెడిట్‌ని బట్టి సెకండ్ లెఫ్టినెంట్‌గా కాకుండా ఒక మెట్టు పైన మొదలుపెట్టే వీలుంటుంది. కానీ అక్కడ రెగ్యులర్ కమిషన్, అంటే పూర్తి స్థాయి ఆఫీసర్ హోదా, కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. కాబట్టి తిరుమలగిరి మిలిటరీ ఆసుపత్రి గేటు ముందు నిలబడి ఆ లెక్క వేసుకుని లాభం లేదు.

ఇక్కడ పని చేస్తున్న నర్సు సైన్యంలో ఆఫీసర్‌గా వెళ్లే దారి షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే కొన్నేళ్లకే ఇచ్చే ఆఫీసర్ ఉద్యోగం. 2023 డిసెంబరు నోటిఫికేషన్ చూస్తే బీఎస్సీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీ లేదా ఎమ్మెస్సీ నర్సింగ్ ఉండాలి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, వయసు 21 నుంచి 35 లోపు. మహిళలకే అవకాశం. కంప్యూటర్ పరీక్షలో నర్సింగ్, ఇంగ్లిష్, జనరల్ ఇంటెలిజెన్స్ ఉంటాయి. తర్వాత ఇంటర్వ్యూ, మెడికల్. అర్హతల్లో అనుభవం ఇన్నేళ్లుండాలని లేదు, ఉంటే ఇన్ని మార్కులని కూడా లేదు. మూలవేతనం 56,100, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 10,800, ఆపైన డీఏ, ఇతర అలవెన్సులు.

అంటే అనుభవం దండగేనా? కాగితం మీద అవును, పరీక్షలో కాదు. పొటాషియం ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) దగ్గర ఎర్రబడితే ముందు ఏం చేయాలి లాంటి ప్రశ్నకి గైడు బట్టీ పట్టినవాళ్లు ఆప్షన్ల మధ్య తడుముకుంటారు. రాత్రి ఎనిమిదింటికి ఎనిమిది బెడ్ల హ్యాండోవర్ తీసుకుని, ఇనోట్రోప్ (గుండె పనికి ఊతమిచ్చే మందు) ఎంత రేటుతో నడుస్తోందో పంపు దగ్గరికి వెళ్లి చూసి, ఫైల్లో రాసినదాంతో సరిపోల్చుకునే అలవాటున్న అమ్మాయికి చేతికే జవాబు తెలుసు. ఇంటర్వ్యూలోనూ అంతే. కాకపోతే ఆ అలవాటు రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు చాలు. ఆరేళ్లు ఆగితే ర్యాంకేమీ పెరగదు, సీనియారిటీ మాత్రం పోతుంది. ఇంటర్ కాగానే నీట్ రాసి పుణేలోని ఏఎఫ్ఎంసీ (సైనిక వైద్య కళాశాల) లాంటి చోట చదివిన అమ్మాయి ఇరవై రెండుకో ఇరవై మూడుకో లెఫ్టినెంట్ అయిపోతుంది. ముప్పై నాలుగుకి చేరిన మీరు వయసులో పెద్దయినా ఆమెకి జూనియరే. దీన్ని మనసుకి ఎక్కించుకోలేనివాళ్లు అప్లికేషనే పెట్టుకోవద్దు.

ఇప్పుడు తెలంగాణ వైద్యారోగ్య రిక్రూట్‌మెంట్ బోర్డు లెక్క చూడండి. 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకీ, మగవాళ్లకీ కూడా అవకాశం ఇచ్చారు, గరిష్ఠ వయసు 46. స్కేలు 36,750 నుంచి 1,06,990. రాత పరీక్షకి 80 పాయింట్లు, మిగతా 20 సర్వీసు వెయిటేజీ. ఆ సర్వీసు రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసినదై ఉండాలి. ఆరు నెలలకి 2 పాయింట్లు, గిరిజన ప్రాంతంలో అయితే 2.5. గాంధీ ఆసుపత్రిలో మూడేళ్లు అవుట్‌సోర్సింగ్‌లో చేస్తే 12, అదే మూడేళ్లు గిరిజన ప్రాంతంలో అయితే 15. ఒక్క మార్కుకి వందల మంది పక్కపక్కనే ఉండే పరీక్షలో ఇది చిన్న విషయం కాదు.

కార్పొరేట్ ఆసుపత్రిలో పదేళ్లు చేసినవాళ్లకి? సున్నా. అందుకే ప్రైవేటు సిస్టర్లు "ఆర్మీలో మన అనుభవం పోతుంది" అంటే నాకు విడ్డూరంగా ఉంటుంది. సర్కారులో మాత్రం ఎక్కడ మిగులుతోంది?

ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ల కోసం పెట్టే నార్సెట్ పరీక్ష సంగతి కూడా ఇంతే. బీఎస్సీ వాళ్లకి అనుభవం అడగరు. జీఎన్ఎం వాళ్లకి యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్లు ఉండాలి, అది అర్హతకే గానీ మార్కులకి కాదు. మూలవేతనం 44,900. బీబీనగర్‌లోనే ఎయిమ్స్ ఉందని ఆశ పడొచ్చు గానీ, పోస్టింగ్ ర్యాంకుని బట్టి దేశంలో ఎక్కడైనా రావచ్చు.

నన్నడిగితే, గవర్నమెంటు ఆసుపత్రిలో మూడేళ్లకు పైగా కాంట్రాక్టు సర్వీసు ఉన్నవాళ్లు రాష్ట్ర పోస్టు వదిలి సైన్యం వైపు వెళ్లడం తెలివైన పని కాదు. చేతిలో ఉన్న పాయింట్లు ఇంకెక్కడా చెల్లవు. ప్రైవేటులో ఉండి, బీఎస్సీ చేతిలో ఉండి, ముప్పై లోపు ఉన్నవాళ్లకి మిలిటరీయే మేలు. పోగొట్టుకునేదేమీ లేదు, మొదటి నెల నుంచే జీతం పై రెంటికన్నా ఎక్కువ. అయితే షార్ట్ సర్వీస్ పేరుకి తగ్గట్టే పొట్టిది. మొదట ఐదేళ్లు, పొడిగిస్తూ పోతే పద్నాలుగేళ్ల దాకా. పింఛను మీద ఆశ ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

ఇంట్లో మాట్లాడితే ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది, "పెళ్లి చేసుకుంటే తీసేస్తారటగా?" అని. ఆ భయం గాల్లోంచి పుట్టలేదు. 1985లో కమిషన్ పొంది మన సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలోనే చేరిన లెఫ్టినెంట్ సెలీనా జాన్‌ని, పెళ్లి చేసుకుందన్న కారణంతో 1988లో ఉద్యోగం నుంచి పంపేశారు. ఆ నిబంధన 1995లో ఎత్తేశారు. ఆమెకి 60 లక్షలు చెల్లించమని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అమ్మమ్మలు చెప్పేది ముప్పై ఏళ్ల కిందటి రూలు.

ముప్పై మూడు, ముప్పై నాలుగుకి వచ్చినవాళ్ల పరిస్థితే ఇరుకు. ఒక నోటిఫికేషన్ తప్పిపోతే మళ్లీ వచ్చేసరికి వయసు దాటిపోవచ్చు. వాళ్లు సైన్యం ఒక్కదాన్నే నమ్ముకోకుండా, 2024 నోటిఫికేషన్‌లో 46 వరకూ తలుపు తెరిచిన రాష్ట్ర పరీక్షకి చదువుతూ, దొరికితే ఏ బస్తీ దవాఖానాలోనో కాంట్రాక్టు పోస్టు పట్టుకోవడం మంచిది. జీతం ఇప్పుడు వస్తున్నదానికన్నా తగ్గినా సరే. చేరే ముందు ఆ పోస్టు వెయిటేజీకి పనికొస్తుందో లేదో నోటిఫికేషన్‌లోని మాటతో సరిచూసుకోండి. ఇక కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటాయి. వాటిని ఇప్పుడే అడిగి తెచ్చుకోండి, వెరిఫికేషన్ తేదీ వచ్చాక హెచ్ఆర్ చుట్టూ తిరిగే టైం ఉండదు.